విశాఖకు యుద్ధం ఏ రోజున వచ్చింది?

పెద్దలకు నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న కాలేజీ పిల్లలకు ఇంకో నమస్కారం. ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా మీ కోసమే.

రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైందని అడిగితే 1939 సెప్టెంబరు 1 అంటారు. జర్మనీ పోలండ్ మీద పడ్డ రోజు అది. పరీక్షలో మార్కు వస్తుంది. మా నాయనమ్మ మాత్రం వేరే రోజు చెప్పేది. వాళ్ళ ఇల్లు వన్‌టౌన్‌లో ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేశాయి. "పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే ఒగ్గేసి బండెక్కాం" అనేది. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. జనం బళ్ళు కట్టుకుని, నడిచి, దొరికిన రైలెక్కి లోపలి పల్లెలకు వెళ్ళిపోయారు.

ఆ విమానాలు బంగాళాఖాతంలో ఉన్న ర్యూజో అనే విమాన వాహక నౌక మీద నుంచి లేచాయి. మరి జపాన్ ఓడకు మన సముద్రంలో ఏం పని? అక్కడి నుంచి వెనక్కి లాగుతూ వెళ్ళండి, యుద్ధం ఎలా పుడుతుందో తెలుస్తుంది.

జపాన్ 1937 నుంచి చైనాలో పోరాడుతోంది. గెలవలేకపోయింది, వదిలి రాలేకపోయింది. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలోకి (ఇప్పటి వియత్నాం వైపు) కూడా సైన్యాన్ని దించింది. దాంతో అమెరికా చమురు ఆపేసింది. జపాన్‌కు వచ్చే చమురులో దాదాపు 80 శాతం అమెరికాదే. చమురు లేకపోతే నౌకాదళం కదలదు. చైనా నుంచి వెనక్కి రావాలి, లేదా డచ్చివాళ్ళ చేతిలో ఉన్న ఇండోనేషియా చమురు బావులు పట్టుకోవాలి. వెనక్కి రావడం పరువు తక్కువనుకున్నారు. అమెరికా అడ్డు రాకుండా డిసెంబరు 7న దాని నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద పడ్డారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న బర్మాలోని రంగూన్ పట్టుకున్నారు. ఇంకో నెల తిరక్కుండా మన ఊరు.

మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇదే పరువు. 1914 జూన్ 28న బోస్నియాలోని సారయేవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను కాల్చి చంపారు. అక్కడికి 37 రోజుల్లో, ఆగస్టు 4 నాటికి, బ్రిటన్ కూడా యుద్ధంలో ఉంది. హత్య వెనక సెర్బియా ఉందని ఆస్ట్రియా ఆ దేశానికి 48 గంటల గడువిచ్చింది. సెర్బియా వెనక రష్యా, ఆస్ట్రియా వెనక జర్మనీ, రష్యా వెనక ఫ్రాన్స్. అవతలివాడే తగ్గుతాడులే అని ప్రతివాడూ అనుకున్నాడు. చివరి గంటల్లో జర్మనీ చక్రవర్తికే భయం వేసింది. ఫ్రాన్స్ వైపు వెళ్ళే సైన్యాన్ని ఆపి రష్యా వైపు తిప్పమన్నాడు. రైళ్ళ ఏర్పాట్లన్నీ అయిపోయాయి, ఇప్పుడు మార్చడం కుదరదన్నాడు సేనాపతి మోల్ట్కే. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ మాటే. ఆపాలని చక్రవర్తికి అనిపించినా, ఆపే తాళం ఆయన చేతిలో లేదు.

ఇక యుద్ధం ఎలా జరుగుతుంది? సినిమాల్లో తుపాకులు కనిపిస్తాయి. అసలు కథ ఓడలది, బొగ్గుది, బియ్యానిది. అమెరికా లిబర్టీ రకం సరుకు ఓడలే 2,700కు పైగా కట్టింది. జపాన్ అలా కట్టలేకపోయింది. మన దేశాన్ని మనవాళ్ళను ఒక్క మాట అడక్కుండానే వైస్రాయి యుద్ధంలోకి దించాడు. సుమారు 25 లక్షల మంది మనవాళ్ళు సైన్యంలో పనిచేశారు. రంగూన్ పడిపోగానే బర్మా బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దొరక్కూడదని ప్రభుత్వం బెంగాల్ తీరంలో పడవలు లాగేసుకుంది. ధరలు పేదవాడికి అందకుండా పోయాయి. 1943 కరవులో బెంగాల్లో దాదాపు 30 లక్షల మంది పోయారు. వాళ్ళలో ఎవరి మీదా బాంబు పడలేదు. వాళ్ళను చాలామంది యుద్ధ మృతుల లెక్కలో చేర్చరు. నేను చేరుస్తాను. మనం ఇప్పటికీ రేషన్ బియ్యాన్ని కంట్రోలు బియ్యం అంటాం కదా, ఆ కంట్రోలు అప్పటిదే.

ముగింపుకు కూడా తేదీలున్నాయి. 1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. అప్పటికింకా జర్మనీ సైన్యం పరాయి నేల మీదే ఉంది. తాము ఓడిపోలేదని, తమవాళ్ళే వెన్నుపోటు పొడిచారని చాలామంది జర్మన్లు నమ్మారు. దాని మీద, గెలిచినవాళ్ళు రుద్దిన వెర్సాయి ఒప్పందపు అవమానం. ఆ కోపాన్ని వాడుకోవడానికి హిట్లర్ వచ్చాడు. రెండోసారి బెర్లిన్ దాకా వెళ్ళి ముగించారు. హిరోషిమా, నాగసాకి బూడిదయ్యాక 1945 సెప్టెంబరు 2న జపాన్ సంతకం పెట్టింది. మన దేశం 1952లో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని, నష్టపరిహారం అక్కర్లేదంది. మన ఊరి మీద బాంబులు వేసిన దేశం నుంచి మనం డబ్బు అడగలేదు. అది తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

రంగూన్‌ని మనవైపు రంగం అనేవారు. ఈ జిల్లాల నుంచి వేలమంది కూలికి రంగం వెళ్ళారు, రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1942లో లక్షలాది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. ఓడ టికెట్టు దొరకనివాళ్ళు కొండలు, అడవులు దాటి నడిచారు. ఎన్నో వేలమంది దారిలోనే పోయారు. మా చినతాత రంగంలో రేవు కూలీ. తిరిగి రాలేదు, కబురూ రాలేదు. మా చిన్న నాయనమ్మ 1984లో పోయేదాకా బొట్టు తీయలేదు. రేషన్ కార్డు రాసేవాళ్ళు వచ్చి ఇంటి యజమాని ఎవరని అడిగితే ఆయన పేరే చెప్పేది. ఎక్కడున్నాడు అంటే, "రంగంలో ఉన్నాడు బాబూ, వస్తాడు" అనేది.