రిపోర్టులో ఆ 38 సీసీ

పెద్దలందరికీ నమస్కారం. కావలి పింఛనుదార్ల సమావేశమంటే మోకాళ్ళ గురించో షుగరు గురించో మాట్లాడమంటారనుకున్నాను. మీరే ఈ ప్రొస్టేట్ గ్రంథి విషయం అడిగారు, సంతోషం. ఇంట్లో భార్యకు కూడా చెప్పుకోలేక లోలోపల నలిగిపోయేవాళ్ళను స్కానింగ్ గదిలో రోజూ చూస్తున్నాను.

పోయిన నెల ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. 68 ఏళ్ళు. కడుపు నొప్పికని స్కానింగ్ తీయించుకుంటే రిపోర్టు చివర 'ప్రొస్టేట్ 38 సీసీ, గ్రేడ్ 1 ప్రొస్టేటోమెగాలీ' అని ఉంది, అంటే ప్రొస్టేట్ కొంచెం పెరిగిందని. ఆ మాటకు వారం రోజులు నిద్రపోలేదాయన. క్యాన్సర్ అనుకున్నారు. నిజానికి రాత్రి ఒకసారి లేవడం తప్ప ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.

ఈ గ్రంథి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 సీసీ, పెద్ద ఉసిరికాయంత. 40 దాటాక నాళాన్ని ఆనుకున్న లోపలి భాగం మెల్లగా పెరుగుతుంది. మగ హార్మోన్ ఆ గ్రంథిలోనే ఇంకా బలమైన రూపంలోకి మారి కణాలను పెంచుతుంది. రాలిపోవాల్సిన పాత కణాలేమో వయసుతో పాటు సరిగా రాలవు. 50ల్లో ఉన్న మగవాళ్ళలో దాదాపు సగం మందికి, 80 దాటితే పదిలో ఎనిమిది మందికి ఈ మార్పు ఉంటుంది. ఉసిరికాయ పొదలకూరు నిమ్మకాయంత అవుతుంది, అంతే. అది క్యాన్సర్‌గా మారదు. క్యాన్సర్ ఎక్కువగా బయటి భాగంలో పుడుతుంది, దానికి పీఎస్‌ఏ రక్తపరీక్ష, డాక్టరు చేతి పరీక్ష వేరే ఉన్నాయి.

ఆ సీసీ అంకె కోసం స్కానింగ్‌లో మేం గ్రంథి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, గుణించి, మళ్ళీ 0.52తో గుణిస్తాం. కొలిచే చెయ్యి మారితే నాలుగైదు సీసీలు అటూ ఇటూ అవుతాయి. నిరుడు 35, ఈసారి 38 అని టెన్షన్ పడొద్దు. 80 సీసీతో హాయిగా ఉన్నవాళ్ళున్నారు. 30 సీసీకే, మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకొచ్చి, చుక్కచుక్కగా పోసుకునేవాళ్ళూ ఉన్నారు.

అందుకే నేను ముందు చూసే అంకె వేరు. మీరు మూత్రానికి వెళ్ళొచ్చాక లోపల ఎంత మిగిలింది? గంటల తరబడి బిగబట్టి, బాధతో వెళ్ళొస్తే ఆ అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. ఇంకోసారి వెళ్ళొస్తానని మొహమాటపడకుండా అడగండి. నేనైతే తప్పకుండా పంపిస్తాను.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. నెల్లూరులో పెళ్ళంటే చాలామంది బస్సు వద్దంటారు, బాత్రూం ఉంటుందని రైలే ఎక్కుతారు. అందులో తప్పేం లేదు. బస్సే ఎక్కాల్సి వస్తే మాత్రం పొద్దున్నుంచి నీళ్ళు మానేస్తారు. మన ఎండల్లో అది ప్రమాదం. పగలు తాగండి, పడుకునే ముందు తగ్గించండి. జలుబుకు మందుల షాపులో బిళ్ళ అడిగేటప్పుడు ప్రొస్టేట్ సంగతి చెప్పండి, కొన్ని బిళ్ళలు మూత్రాన్ని బిగించేస్తాయి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రక్తం పడినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ పూటే ఆసుపత్రికి రండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. నలుగురిలో అడగలేనివాళ్ళు చీటీ రాసి పంపండి, పేరు అక్కర్లేదు.