గిర్నీ ముందు అరగంట

అందరికీ నమస్కారం. కొత్తగా దిగినవాళ్ళకి ఈ పేట గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను, సంచీ పట్టుకుని తిరిగినవాణ్ణి. అదే చెబుతాను.

మాది అమలాపురం. 2012లో బదిలీ మీద సికింద్రాబాదు వచ్చి ఇక్కడే చిలకలగూడలో అద్దెకి దిగాం. వారం తిరక్కుండానే మా ఆవిడ నాలుగు కిలోల గోధుమలు చేతిలో పెట్టి పట్టించుకు రమ్మంది. "పిండిమర ఎక్కడండీ?" అని ముగ్గుర్ని అడిగితే తెల్లమొహం వేశారు. నాలుగో ఆయన సంచీలోకి తొంగిచూసి, "గిర్నీనా? గట్ల అడగాలె గద సార్" అన్నాడు.

గిర్నీలో ముందొచ్చినవాళ్ళకే ముందు అనే లెక్క చెల్లదు. రాళ్ళ మధ్య పాత పిండి కొంత మిగిలే ఉంటుంది. జొన్నలు ఆడిన వెంటనే గోధుమలు పోస్తే మొదటి గుప్పెడు జొన్నపిండే. అందుకని గోధుమల డబ్బాలన్నీ ఒక వరస, జొన్నలవి ఇంకో వరస. కారానికి మిషనే వేరు. నా ముందున్న పెద్దావిడ, "మీయి గోధుమలేనా? నా ఎనక పోయించుకోన్రి" అంది. అరగంట పట్టింది. నల్లా ఏ రోజు వస్తుందో, ఇస్త్రీ బండి ఏ చెట్టు కింద ఉంటుందో, మా వాటాలో ముందున్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారో అప్పుడే తెలిసింది. (మా ఓనరు చెప్పిన కారణం వేరే.) వేడి పిండికి వెంటనే మూత పెట్టొద్దు, చెమ్మ పడుతుందని కూడా ఆవిడే చెప్పింది. కనుబొమ్మలు తెల్లబడి ఇంటికొచ్చాను.

మోండా మార్కెట్‌లో నా తెలుగు మార్చుకోవలసి వచ్చింది. ఉల్లిపాయ ఉల్లిగడ్డయింది, బంగాళాదుంప ఆలుగడ్డయింది. పావుకిలోలో సగానికి అద్దపావు అనే మాట ఉందని అక్కడే విన్నాను, ఎంత సుఖమైన మాటో!

దారులు మాత్రం ఏడిపించాయి. ఇక్కడివాళ్ళు లేనివాటిని చూపించి దారి చెబుతారు. "సంగీత్ కాడ దిగున్రి" అంటే దిగి, సినిమా హాలు కోసం పది నిమిషాలు వెతికాను. హాలు ఎప్పుడో పోయింది, చౌరస్తాకి పేరు మిగిలింది. ప్యారడైజ్ కూడా అంతే. బిర్యానీ హోటలని అందరికీ తెలుసు. కానీ అది 1953లో ఆ పేరుగల సినిమా హాలు క్యాంటీనుగా మొదలైంది. ఇప్పుడు ఫోన్లో నొక్కితే పిండి గుమ్మంలోకి వస్తుంది, నేనూ తెప్పిస్తాను. తెచ్చే కుర్రాడు నాకే ఫోన్ చేసి దారి అడుగుతాడు.

మరుసటి ఆషాఢంలో ఒక ఆదివారం, జాకెట్టు లైనింగు గుడ్డ కోసం జనరల్ బజారుకి బయల్దేరాను. దారులన్నీ మూసేశారు. ఉజ్జయిని మహంకాళి గుడి అక్కడే ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు లష్కర్ బోనాలు. లష్కర్ అంటే సైన్యం, ఈ దండు ఊరికి పాతవాళ్ళ పిలుపు. ఇక్కడి పల్టన్‌లో, అంటే సైనిక పటాలంలో, డోలీ మోసే సూరిటి అప్పయ్య 1813లో ఈ ఊళ్ళో కలరా తగ్గితే గుడి కడతానని ఉజ్జయినిలో మొక్కుకున్నాడట. తిరిగొచ్చి 1815లో అమ్మవారి కట్టె విగ్రహం నిలిపాడని గుడి కథ. ఇదంతా జనంలో ఇరుక్కుని, పక్కనున్నాయన నోట విన్నదే.

పసుపు రాసిన బోనాల వరసలో, వేపాకుల కింద నుంచి ఒక మొహం నాకేసి తిరిగింది. గిర్నీ పెద్దావిడ.

"ఈడ గూడ నా ఎనకనేనా సారూ?"

లైనింగు గుడ్డ ఆ రోజు దొరకలేదు. నమస్కారం.