కైసేరి: బెలూన్లెక్కేవాళ్ళు దాటేసి పోయే ఊరు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈసారి టర్కీ వచ్చాం. "మరి బెలూన్లేవీ?" అంటారని తెలుసు. వేడిగాలి బెలూన్లకు పేరుపడ్డ కప్పడోకియా వెళ్ళేవాళ్ళు చాలామంది దిగేది ఈ కైసేరి ఎయిర్‌పోర్టులోనే. దిగడం, సామాను లాక్కోవడం, బస్సెక్కడం, అంతే. మేం మాత్రం ఇక్కడే ఆగాం. జర్మనీలో మా పక్కింటావిడది ఈ ఊరే లెండి. చూడకుండా వెళ్తే ఊరుకోదు.

ఇది టర్కీ నడిమధ్య ఉన్న అనటోలియా పీఠభూమి, వెయ్యి మీటర్ల ఎత్తు. వీధి చివర తెల్లగా కనిపిస్తోందే, అది ఎర్జియెస్, చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఎత్తు 3,917 మీటర్లు. సముద్రం దరిదాపుల్లో లేదు, రేవు అసలే లేదు. అయినా ఊరి బయట ఎటు చూసినా ఫ్యాక్టరీలే. ఇవాళ్టి సంగతి కాదిది. 1926లోనే జర్మనీ యుంకర్స్ కంపెనీతో కలిసి ఇక్కడ విమానాల ఫ్యాక్టరీ పెట్టారు. 1935లో సోవియట్ అప్పుతో పెద్ద బట్టల మిల్లు వచ్చింది. ఆ మిల్లు ఆవరణలో ఇప్పుడు యూనివర్సిటీ నడుస్తోంది. ఇక ఇప్పుడు సోఫాలు, పరుపులు, స్టీల్ తలుపులు, డెనిమ్ బట్ట, ఒకటేమిటి!

ఈ సోఫా షాపు చూడండి. కుర్రాడు సీటు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు, టక్‌మంది, సోఫా వీపు వెనక్కి వాలి మంచమైపోయింది. కింద దుప్పట్లు పెట్టుకోవడానికి పెట్టె కూడా. చుట్టాలొస్తే ఎక్కడ పడుకోబెట్టాలా అన్న బాధే లేదు. బేరమాడాను. నడుం సన్నగా ఉన్న గాజు గ్లాసులో టీ ఇచ్చాడు, రెండోసారీ ఇచ్చాడు, రేటు మాత్రం దించలేదు! కైసేరి వాళ్ళ వ్యాపారం మీద టర్కీ అంతా ఒక జోకుంది: తండ్రి గాడిదకు రంగేసి తిరిగి తండ్రికే అమ్మేస్తారట.

బజార్లో వేలాడుతున్న ఈ ఎర్రటి ముద్దలు పాస్తిర్మా, ఎండబెట్టిన గొడ్డుమాంసం. మేం తినం. కానీ పైన పట్టించిన ఆ ముద్ద ఉంది చూశారూ, మెంతిపిండి, వెల్లుల్లి, ఎర్ర మిరప. కళ్ళు మూసుకుంటే ఆవకాయ జాడీ మూత తీసినట్టే ఉంది వాసన.

ఇందాక గాడిదలన్నానుగా, గుర్తొచ్చింది, అసలు కథ ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో, కుల్తెపె దిబ్బ దగ్గర ఉంది. నాలుగు వేల ఏళ్ళ కిందట దీని పేరు కనేష్. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న అస్సూర్ నగరం నుంచి వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని వెయ్యి కిలోమీటర్లు నడిచొచ్చేవారు. సరుకమ్మి వెండి, బంగారం పంపేవారు. చాలాసార్లు గాడిదల్నీ ఇక్కడే అమ్మేసేవారట! వాళ్ళు మట్టి పలకల మీద రాసుకున్న లెక్కలు, ఉత్తరాలు 20 వేలకు పైగా దొరికాయి. ఉత్తరానికి కవరు కూడా మట్టిదే, పగలగొట్టి చదువుకోవాలి. అక్కడ చూడ్డానికి మిగిలింది రాతి పునాదులు, బోలెడంత గాలి. పలకలు చూడాలంటే కైసేరి కోటలో ఉన్న మ్యూజియానికి రండి.

వాటిలో నాకు బాగా నచ్చింది లమస్సి అనే ఆవిడ సంగతి. మొగుడు పూషుకేన్ వ్యాపారమంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ అస్సూర్‌లో పిల్లల్ని చూసుకుంటూ, బట్టలు నేయించి పంపుతూ, డబ్బెప్పుడు పంపిస్తావని ఉత్తరాలు రాసేది. ఒకదాన్లో ఏముందో తెలుసా? నువ్వెళ్ళాక ఫలానా ఆయన అప్పుడే రెండిళ్ళు కట్టేశాడు, మనమెప్పుడు కడతాం అని!

మావారు కెమెరా దించి నావైపు చూశారు. "బాచుపల్లి ఫ్లాట్ గురించి మొన్న నువ్వన్నదీ ఇదేగా?"

అవునండీ, ఇదే. ఇంకా జవాబు రాలేదు.