వైఫై రాలేదని లినక్స్ తీసేయకండి

అందరికీ నమస్కారం.

ఎంతో ఇష్టపడి విండోస్ బదులు లినక్స్ వేసుకుని, మర్నాటికల్లా తీసేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. కారణం అడిగితే "నెట్ రావట్లేదండీ" అంటారు. ఇన్‌స్టాల్ చక్కగానే అవుతుంది, డెస్క్‌టాప్ వస్తుంది, తీరా పైన మూలన చూస్తే వైఫై గుర్తే ఉండదు. పోనీ నెట్‌లో వెతుకుదామా అంటే ఆ నెట్టే లేదాయె! కొందరు మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. కాలువ నీళ్లు రాకపోతే రైతు మళ్లీ దుక్కి దున్నడు కదా, గండి ఎక్కడ పడిందో చూస్తూ గట్టు వెంట నడుస్తాడు. మనమూ అలాగే నడవాలి.

ముందు తాత్కాలికంగా నెట్ తెచ్చుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. సాధారణంగా ఏ డ్రైవరూ, అంటే పరికరంతో కంప్యూటర్‌ను మాట్లాడించే ప్రోగ్రామేదీ, వేయకుండానే పనిచేస్తుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే ఆ వైఫైనే కంప్యూటర్‌కి అందుతుంది, మీ డేటా ఖర్చు కాదు. కేబుల్ మాత్రం డేటా వెళ్లేదై ఉండాలి, కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి తప్ప పనికిరావు.

ఇప్పుడు వైఫై సంగతి. కంప్యూటర్‌లోని వైఫై కార్డులో ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది, దాన్ని నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. చాలా కార్డుల్లో కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరే ఆ ఫైలును కార్డులోకి ఎక్కించాలి. ఫైలు లేకపోతే డ్రైవర్ ఉండీ లేనట్టే. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌ను తయారుచేసేవాళ్లు సోర్స్ కోడ్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ను చాలా ఏళ్లు మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచే పెడుతున్నారు. అందుకే మీ పెన్‌డ్రైవ్‌లో పాత వెర్షన్ ఉంటే కొత్తది దించుకోండి.

బ్రాడ్‌కామ్ కంపెనీ కార్డుల కథ వేరు. ఉబుంటు అనే మరో రకం లినక్స్‌లో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, అక్కడ చూపించిన బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను ఎంచుకోవాలి. నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రాములను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అప్పుడొక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఒక విద్యార్థి ఇదంతా సరిగ్గానే చేశాడు, అయినా వైఫై రాలేదు. మూడుసార్లు ఇన్‌స్టాల్ చేసి నా దగ్గరికి వచ్చాడు. నా ముందే రీస్టార్ట్ చేయమన్నాను. నీలిరంగు తెర వచ్చింది. అబ్బాయి చూడకుండానే ఎంటర్ కొట్టేశాడు, "కంటిన్యూ బూట్" మీద. గండి అక్కడుంది! ఆ తెర మీద "ఎన్‌రోల్ ఎంఓకే" (అంటే కంప్యూటర్ యజమాని తాళంచెవిని నమోదు చేయడం) ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ డ్రైవర్‌ను లినక్స్ గుండెకాయైన కెర్నెల్ లోపలికి రానివ్వదు. మళ్లీ డ్రైవర్ వేయించి, ఈసారి తెర చదివించాను. అయిదు నిమిషాల్లో వాళ్ల హాస్టల్ వైఫై పేరు కనిపించింది.

కార్డు కనిపిస్తూ వైఫై ఆన్ కాకపోతే కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ (rfkill list) కొట్టండి. "హార్డ్ బ్లాక్డ్" పక్కన "యెస్" (yes) ఉంటే ల్యాప్‌టాప్ పక్కనుండే స్విచ్‌నో, ఎఫ్ఎన్ కీతో నొక్కే బటన్‌నో చూడండి.

వైఫై కలిసినా సైట్లు తెరుచుకోకపోతే దగ్గర నుంచి దూరానికి వెళ్లండి. ముందు మీ రౌటర్ నంబర్‌కి పింగ్ (అవతల నుంచి జవాబొస్తుందో చూసే కమాండ్) కొట్టండి, చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. జవాబొస్తే బయట ఉన్న గూగుల్ సర్వర్ నంబర్ 8.8.8.8 కి కొట్టండి. అదీ వస్తే ఏదైనా సైటు పేరుకి కొట్టండి. అంకెలకు జవాబొచ్చి పేరుకి రాలేదంటే తేడా సైటు పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంది. వైఫై సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద ఆటోమేటిక్ డీఎన్ఎస్ ఆపి, 1.1.1.1 అని రాసి, కనెక్షన్ ఒకసారి ఆపి మళ్లీ కలపండి.

ఎవరి ల్యాప్‌టాప్‌లో వైఫై రావట్లేదో వాళ్లు ముందు వరుసలోకి వచ్చేయండి. నా దగ్గర రెండు డేటా కేబుళ్లున్నాయి.