మా అన్న ట్యాక్స్ ఆఫీసుల 14 బోరింగులు | నల్లగొండ వ్లాగ్

నమస్తే అందరికి. ఇయ్యాల నా ఎనుక కనపడుతున్నది సియాటెల్ వాన కాదు, నల్లగొండ ఎండ. గడియారం సెంటర్ నుంచి రెండు గల్లీలు లోపలికొచ్చినం. ఆటోల హారన్లకు నా గొంతు సరిగ ఇనవడదు, జర ఓపిక పట్టుండ్రి. ఈ మెట్లెక్కితే మా అన్న ఆఫీసు. జీఎస్‌టీ, ఇన్‌కంట్యాక్స్ రిటర్నులు ఏస్తడు. పదహారేండ్ల సంది అవే రెండు రూములు, అవే నీలం బీరువాలు, ఫైళ్ల మీద ఫైళ్లు. నేను సియాటెల్ పక్కన బోతెల్ నుంచి రెండేండ్లకొకసారి వస్త. వచ్చినప్పుడల్లా ఈడ మారేది క్యాలెండర్ ఒక్కటే.

ఈసారి తలుపు తీస్తే గోడ నిండ బోరింగులు. లెక్కవెడితే 14.

బోరింగంటే చేతిపంపే. కొన్ని బొగ్గుతోని గీసినయి, కొన్ని వాటర్ కలర్. ఇగో, ఇది బడి గోడ పక్కన. ఇది సర్కారు తుమ్మల నడుమ. దీని హ్యాండిల్‌కైతే బర్రెను కట్టేసిండ్రు చూడుండ్రి. గీసింది మునుగోడు దిక్కు పిల్ల, హైదరాబాద్ల జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే ఆర్ట్స్ యూనివర్సిటీల బీఎఫ్‌ఏ, అంటే బొమ్మల డిగ్రీ, ఆఖరి సంవత్సరం. పరీక్షలయినంక సొంత పేజీ పెడతదట, అప్పటిదాక పేరు చెప్పకు అక్కా అన్నది. సరే అన్న.

ఈ బోరింగులే ఎందుకంటే, మా జిల్లా సంగతి మీకు తెల్వంది కాదు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఎన్నో ఊర్లల్ల అది దాటిన నీళ్లే తాగిండ్రు. పండ్లు గారబట్టినోళ్లు, నడుములు వంగినోళ్లు, కాళ్లు వంకర పోయినోళ్లు. మిషన్ భగీరథల కృష్ణా నీళ్లు నల్లాలకొచ్చినంక బోరింగులు మూల పడ్డయి. పీకినోళ్లు లేరు, కొట్టేటోళ్లు లేరు. "నానమ్మ నడుము గీద్దామని కూసున్న అక్కా, చెయ్యి రాలే. ఆమె కొట్టిన బోరింగు గీసిన" అన్నది ఆ పిల్ల. ఇగ నేనేం అడగలే.

ఆమె ఈడికెట్ల వచ్చిందంటే, వాళ్ల నాయిన బోర్డులు రాసేటాయన. కింద అన్న ఆఫీసు బోర్డు ఉంది చూసిండ్రా, పసుపు మీద ఎర్రక్షరాలు, అది ఆయన చెయ్యే. ఫ్లెక్సీలొచ్చినంక ఆ పని పోయింది, ఇప్పుడు ఇండ్లకు సున్నాలు, రంగులు ఏస్తడు. పోయిన దసరాకు బోర్డుకు మళ్ల రంగు దిద్దవిలిస్తే, ఫోన్ల బిడ్డ బొమ్మలు చూపిచ్చిండట. "రాష్ట్ర చిహ్నం గీసిన ఏలె లక్ష్మణ్ గారిది మన ఉమ్మడి జిల్లా కదిరేనిగూడెమే గద సార్. మా పిల్లకు ఒక్క గోడ దొరకదా?" అన్నడట. అన్న అటు ఇటు చూసి, "ఇదే ఉంది, తీస్కో" అన్నడు. అన్నకు బొమ్మల మీద ప్రేమని అనుకోకుండ్రి. బోర్డు పైసలు తగ్గిచ్చుకుండేమో అని నా అనుమానం. అన్నా, ఇది ఎడిట్‌ల తీసేస్త, ఊకో.

మా సియాటెల్ల ఇది కొత్త కాదు. పయనీర్ స్క్వేర్ల 1981 సంది నెల నెలా మొదటి గురువారం సాయంత్రం ఆర్ట్ వాక్ ఉంటది. గ్యాలరీలు, కళాకారులు పనిచేసే జాగలు తలుపులు తెరుస్తరు, జనం నడుసుకుంట చూస్తరు. మా ఆయన పనిచేసే మైక్రోసాఫ్ట్ కూడ 1987 నుంచి బొమ్మలు కొని ఆఫీసులల్ల పెట్టుకుంటది. కని అది కొని పెట్టుకునుడు. కొన్న బొమ్మ లోపలే ఉంటది, బ్యాడ్జి ఉన్నోళ్లే చూస్తరు. మా అన్నకు కొనే తాహతు లేదు. ఆయన తాన ఉన్నది కూసునే జనం.

అసలు నాకు నచ్చింది ఇదే, జర ఇనుండ్రి. నేను పయనీర్ స్క్వేర్ల గ్యాలరీలకు పోయిన. ఒక్కో బొమ్మ ముందర పది సెకండ్లు కూడ నిలవడం. ఫోటో, పక్కది, పక్కది, బయటికి. ట్యాక్స్ ఆఫీసుల అట్ల కుదరదు. జీఎస్‌టీఆర్-3బీ అని నెల నెలా ఏసే జీఎస్‌టీ రిటర్నుకు ఆఖరు తారీఖు 20. 18 నుంచి షావుకార్లు బిల్లుల కట్టలు పట్టుకొని వస్తరు, పోర్టల్ తిరుగుతనే ఉంటది, గంట కూసోవాలె. ఆ గంట ఇదివరకు టీవీ చూసేటోళ్లు. అన్న ఏం చేసిండంటే, కుర్చీలు అన్నీ తిప్పి గోడ దిక్కు ఏసిండు. టీవీ వాళ్ల ఎనుకకు పోయింది. తారీఖులు కూడ తెలివిగ పెట్టిండు, సంక్రాంతి ముందు మొదలుపెట్టి 20 దాక. సిమెంటు డీలరు, మెడికల్ షాపాయన, చీరల దుకాణమామె, గ్యాలరీ మెట్టు ఎన్నడెక్కనోళ్లు గంట గంట బోరింగులు చూస్తున్నరు. చూడక ఏం చేస్తరు!

గోడ ఇచ్చుడు సులువే, తిప్పలు తర్వాత మొదలయినయి. బిల్డింగు ఓనరు మేకు కొట్టొద్దన్నడు. పరదాల పైపు పైన బిగిచ్చి, నైలాన్ దారంతోని ఏలాడదీసిండ్రు. బొమ్మ నడిమి నేల నుంచి 57 ఇంచుల ఎత్తుల ఉండాలెనని మ్యూజియమోళ్ల లెక్క, నేను గూడ పెద్ద తెలిసినట్టు టేపు పట్టుకున్న. ఆ పిల్ల నవ్వి, "అక్కా, అది నిలవడి చూసేటోళ్లకు, ఈడ అందరు కూసుంటరు" అని జానెడు కిందికి దించింది. ట్యూబులైటు అద్దాల మీద పడి బోరింగు బదులు షావుకార్ల మొఖాలే కనపడ్డయి. మా వదినె వచ్చి రెండు ట్యూబులు ఆర్పి, పక్కకు పసుపు బల్బులు పెట్టిచ్చింది. "పానగల్లు ఛాయా సోమేశ్వరుని గుడిల పొద్దంత లింగం మీద నీడ నిలిపినోళ్ల ఊరిది. మీకు ఒక్క బల్బు పెట్టరాదా?" అని అన్నను దులిపింది.

రెండో రోజే ఏసీ నీళ్లు కారి ఒక బొమ్మ మూల ఉబ్బింది. ఆ పిల్ల ఏం అనలే, ఏం అనకపోవుడే నాకు బాధయింది. ఫుకట్ల గోడ ఇచ్చిండ్రు గదా, ఎట్ల అడగాలె అని ఆమె మొహమాటం. వదినె ఊకోలే, ఆ బొమ్మకు రాసిన ధర 3,500 అన్నతోని ఇప్పిచ్చింది. ఆనాడే కాయితం రాసిండ్రు, రెండు కాపీలు. ఏ బొమ్మ, సైజెంత, ధరెంత, పాడయితే ఎవరు కట్టాలె, ఎన్నడు తీస్కపోవాలె, అమ్మితే పైసలు ఎన్ని రోజులల్ల ఇయ్యాలె. ఇది మొదటి రోజు రాయాల్సింది. మీలో ఎవరికన్న దుకాణమో, క్లినిక్కో ఉండి ఇట్ల ఇద్దామనుకుంటే, మేకుల కంటె ముందు కాయితం.

కమీషన్ అన్న తీసుకోలే. సగం దాక తీసుకునే గ్యాలరీలున్నయి, వాళ్ల ఖర్చు వాళ్లకుంటది. అమ్ముడయిన బొమ్మకు ఎర్ర చుక్క అంటిస్తరు గదా, ఇక్కడ వదినె బొట్టుబిళ్లలు అంటిచ్చింది. ఇప్పటికి నాలుగు బొట్లు. చీరల దుకాణమామె మాత్రం 6,000ల బొమ్మను రెండు వేలకు అడిగింది, "ప్రచారం వస్తది గద బిడ్డా" అని. అన్న ఫైల్లకెళ్లి తల లేపి, "నీ చీరలు ప్రచారానికిస్తవా చెల్లె?" అన్నడు. ఇంకో సంగతి, చేతితోని గీసిన బొమ్మల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఆ పిల్లకు జీఎస్‌టీ నంబరే లేదు, అయినా అన్న అందరికీ చెప్తనే ఉన్నడు.

18నాడు ఒక పెద్దాయన వచ్చిండు, హార్డువేర్ షాపు కొడుకు ఎంబడి. గోడ దిక్కు శానసేపు చూసి లేసి, దగ్గరికి పోయిండు. ఒకప్పుడు బోరింగు మెకానిక్కట. మూత తీసి ఉన్న బోరింగు బొమ్మ ఒకటుంది, దాని మీద ఏలు పెట్టి, "బిడ్డా, చైను ఏది? హ్యాండిల్ కొడితే చైను లోపలి రాడ్డును గుంజుతది. ఇది కొడితే గాలే" అన్నడు. ఆ పిల్ల కుర్చీ తెచ్చి ఆయనను కూసోవెట్టి, రిటర్ను బిల్లు ఎనుక బొమ్మ గీయించుకుంది. కొడుకు పనయిపోయి పిలుస్తున్నా ఆయన లేవలే.

ఆ రాత్రి బొమ్మ విప్పి ఇంటికి తీస్కపోయి దిద్దుకొచ్చింది. 20నాడు, ఆఫీసు సంత లెక్క ఉన్నప్పుడు, ఆయన పని లేకున్నా మళ్ల వచ్చిండు. కండ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకొని చూసిండు.

"చైను మంచిగుంది" అన్నడు. "మూత బోల్టు మర్చిపోయినవు."