చేతి కూలి కలిపి ధర చెప్పండి

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. హన్మకొండ, కాజీపేట, ఖిలా వరంగల్ నుంచి ఇంట్లో చేసినవి అమ్ముకోవడం గురించి తెలుసుకుందామని ఇంటిపనులు సర్దుకుని ఇంత పొద్దున్నే వచ్చారు. మీలో మగ్గం వర్క్ చేసేవాళ్లున్నారు, క్రోషే అల్లేవాళ్లున్నారు, పచ్చళ్లు, పిండివంటలు పెట్టేవాళ్లున్నారు. ఫోటోలు ఎలా తీయాలో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎలా పెట్టాలో నా తర్వాత మాట్లాడేవాళ్లు చెబుతారు. నేను ధర ఒక్కదాని గురించే మాట్లాడతాను. బ్యాంకులో పనిచేసినన్నాళ్లు చిన్న లోన్ల కోసం వచ్చిన ఆడవాళ్ల లెక్కలు చూశాను. పనితనం లేక ఆగిపోయినవాళ్లు తక్కువ. ధర దగ్గర దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ.

సకినాలనే తీసుకోండి. బియ్యం నానబెట్టాలి, తడి ఆరకముందే పిండి పట్టించాలి, జల్లించాలి. నువ్వులు, వాము, ఉప్పు కలిపి తడపాలి. ఆ తర్వాత కింద తెల్లబట్ట పరిచి, వేళ్ల మధ్య పిండిని మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయాలి. కాస్త ఆరనిచ్చి నూనెలో వేయాలి. పిండి కుదరకపోతే నూనెలో పేలుతాయి. ఇందులో కొట్లో కొన్నది బియ్యం, నువ్వులు, నూనె, గ్యాస్. మిగతాదంతా మీ వేళ్లు, మీ నడుము. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి ఇరుగుపొరుగు వాళ్లింటికి మనం పోతాం, మనింటికి వాళ్లొస్తారు. అక్కడ కూలి మాటే రాదు, రాకూడదు కూడా. కానీ అమెరికాలో ఉన్న కొడుక్కి పంపాలని ఒకావిడ అయిదు కిలోలు చెప్పిందంటే అది పండుగ కాదు, పని. అప్పుడు కూడా బియ్యం, నూనె ఖర్చు మీద నాలుగు రూపాయలు వేసుకుని ఇచ్చేస్తే, రోజంతా కింద కూర్చున్న నడుముకు ఎవరిచ్చినట్టు?

మగ్గం వర్క్ చేసే చెల్లెళ్లు ఈ లెక్క రాసుకోండి. అంకెలు ఉదాహరణకు చెబుతున్నాను. ఒక బ్లౌజుకు 1,500 తీసుకున్నారు. జరీ, పూసలు, కుందన్లకు 400 పోయాయి. 1,100 మిగిలాయని సంతోషపడతాం. కానీ ఫ్రేముకు బట్ట బిగించిన దగ్గర్నుంచి చివరి ముడి వేసేదాకా రోజుకు అయిదు గంటల చొప్పున నాలుగు రోజులు పట్టింది. అంటే ఇరవై గంటలు, గంటకు 55 రూపాయలు. మెటీరియల్ కోసం మార్కెట్‌కు పోయిన ఆటో కిరాయి, కరెంటు బిల్లు, కళ్లకు పట్టిన శ్రమ ఇంకా కలపలేదు. గంటకు ఎంత వస్తే మీకు గిట్టుబాటవుతుందో మీరే తేల్చుకోండి. అయితే తేల్చుకున్నాకే ధర చెప్పండి.

"ఇంట్లనే ఉంటవు గదా, జర తక్కువ చేయరాదు?" ఈ మాట మీరందరూ విన్నదే. అడిగేది మేనత్తో, పక్కింటి వదినో అయితే నోరు పెగలదు. అయినవాళ్లకు ప్రేమతో ఇవ్వాలనుకుంటే ఒకటి ఊరికే ఇవ్వండి, అది కానుక. సగం ధరకు మాత్రం అమ్మకండి. ఆ సగమే ఊరంతా మీ ధరగా ప్రచారమవుతుంది.

కూలి కలిపితే రేటు పెరుగుతుంది, ఎవరు కొంటారని మీకు టెన్షన్ ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన దగ్గర్లోనే ఉంది. బట్ట మీద కథలను బొమ్మలుగా గీసే చేర్యాల నకాశీ కళాకారులు ఒకప్పుడు కులపురాణాలు చెప్పేవాళ్ల కోసం బారెడు పొడవు కాదు, గదంతా పరిచినా మిగిలేంత పొడవు పటాలు గీసేవారు. పటం పట్టుకుని ఊరూరా తిరిగి కథ చెప్పే రోజులు తగ్గాయి. ఆ కళాకారులు అదే ఎర్రని నేల రంగు మీద, అవే బొమ్మలతో గోడకు తగిలించే చిన్న చిత్రాలు, మాస్కులు చేయడం మొదలుపెట్టారు. కొనేవాడి ఇంటికి సరిపోయేలా వస్తువును చిన్నది చేశారు. మీరూ అలాగే చేయొచ్చు. బడ్జెట్ లేని కస్టమర్‌కు బ్లౌజు చేతులు వదిలేసి మెడకు మాత్రమే వర్క్ చేసి ఇవ్వండి. పని తగ్గించండి, కూలి తగ్గించకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన వరంగల్‌లో దరీలు నేసే కొత్తవాడ. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడినా కొత్తవాడ ఇళ్లల్లో నేత మగ్గం ఆగలేదు. నేల మీద పరిచే వరంగల్ దరీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే గుర్తింపు, వచ్చింది. అయినా నూలు ఇచ్చేది ఒకరు, ధర చెప్పేది ఒకరు అయిన చోట నేసిన మనిషికి మిగిలేది ముక్కకు ఇంతని మజూరీయే. ఇంట్లో పని, చేతిలో విద్య రెండూ ఉండి కూడా ధర మీద మాట లేకపోతే ఏమవుతుందో మన ఊళ్లోనే కనిపిస్తోంది. మీరు ఆ మాట మొదటి రోజు నుంచే మీ దగ్గర ఉంచుకోండి.

ఇక కాగితాల సంగతి. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్ ఉంటే ఆన్‌లైన్‌లో అవుతుంది. డబ్బులిస్తేనే చేస్తామనేవాళ్లను నమ్మకండి. తినే వస్తువులు అమ్మేవాళ్లు ఇంట్లో చేసినా సరే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ప్యాకెట్ మీద తయారైన తేదీ, అందులో ఏమేం వేశారో రాయాలి. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రలో శిశు లోన్ 50 వేల దాకా తనఖా లేకుండా ఇస్తారు. కుట్టుపని, బుట్టలు అల్లడం, బొమ్మల తయారీ లాంటి 18 వృత్తులకు పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకం ఉంది, అందులో పనిముట్లకు 15 వేల దాకా సాయం చేస్తారు. కానీ ఆర్డర్లు రాకముందే లోన్ తీసుకోకండి. నెల తిరిగేసరికి కిస్తీ వస్తుంది, ఆ తొందరలో ఎంతకైనా అమ్ముకుంటారు.

"మా మెషిన్ కొనండి, మీరు చేసిన అగరుబత్తులన్నీ మేమే కొంటాం" అని వచ్చేవాళ్లతో కూడా జాగ్రత్త. డిపాజిట్ కట్టించుకుని, మొదటి సరుకు తీసుకుని, తర్వాత ఫోన్ ఎత్తనివాళ్ల వల్ల పుస్తెలు కుదువపెట్టుకున్న ఇళ్లు నేను చూశాను. మీ సరుకు ఎవరు కొంటారో మీకు తెలియాలి. కొనేవాళ్ల మొహం మీరు చూసి ఉండాలి.

భోజనాల లోపు ఒక పని చేద్దాం. అందరికీ తెల్లకాగితాలు ఇస్తున్నారు. మీరు ఈ మధ్య చేసి అమ్మిన ఒక్క వస్తువు పేరు రాయండి. మెటీరియల్ ఖర్చు, పట్టిన గంటలు, చేతికొచ్చిన డబ్బు కింద రాయండి. గంటకు ఎంత పడిందో లెక్క తేలనివాళ్లు ముందుకు రండి, కలిసి వేద్దాం.