కుక్కర్ పనంతా అడుగునే

హోస్ట్: అందరికీ నమస్కారం, కడప నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి కరెంటు కుక్కర్ సంగతి. నా ఎదురుగా ఉన్న అన్న ఇక్కడే మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు రిపేరు చేస్తారు. అన్నా, మీ దగ్గరికి ఎలాంటి కుక్కర్లు వస్తుంటాయి?

మెకానిక్: వాటంతట అవి పోయేవి తక్కువమ్మా, మనం పోగొట్టేవే ఎక్కువ. (నవ్వు) లోపలి గిన్నె కడిగి గట్టు మీద బోర్లించి ఉంటారు. ఫోన్‌లో మాట్లాడుతూ కుక్కర్ మూత తీసి, బియ్యమూ నీళ్లూ నేరుగా పోసేస్తారు. గిన్నె లేదని అప్పుడు గుర్తొస్తుంది.

హోస్ట్: అయ్యో! అప్పుడేం చేయాలి?

మెకానిక్: కుక్కర్‌ను ముట్టుకోకుండా ముందు గోడ మీది స్విచ్ ఆపి ప్లగ్గు పీకాలి. ఎండలో పెట్టి, ఆరిందిలే అని మళ్లీ ఆన్ చేయొద్దు. లోపల వైర్ల దగ్గర తడి ఉండిపోతుంది. అడుగు విప్పి చూడాల్సిందే.

హోస్ట్: అసలు అన్నం అయిందని దానికెలా తెలుస్తుంది? లోపల టైమర్ ఉంటుందా?

మెకానిక్: మామూలు మీట కుక్కర్‌లో టైమరేమీ ఉండదు. గిన్నె తీసి చూడండి, హీటర్ ప్లేటు మధ్యలో గుండ్రంగా ఒక బొడిపె కనిపిస్తుంది. నొక్కితే స్ప్రింగు మీద దిగుతుంది. దాని లోపల అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగున వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం నీళ్లన్నీ పీల్చుకున్నాక ఇంకాస్త పెరుగుతుంది. 103 డిగ్రీల ప్రాంతంలో అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కున లేస్తుంది. అంతే.

హోస్ట్: మరి నాకు అప్పుడప్పుడు అడుగంటుతుందేం?

మెకానిక్: బొడిపెకూ గిన్నెకూ మధ్య ఒక్క మెతుకు ఇరుక్కుంటే చాలు, గిన్నె వేడి దానికి సరిగా అందదు. మీట ఆలస్యంగా లేస్తుంది, అడుగు మాడుతుంది. గిన్నె సొట్ట పడినా ఇదే బాధ. కాబట్టి పెట్టేముందు గిన్నె బయటివైపు పొడిగుడ్డతో తుడవాలి, ప్లేటు మీద మెతుకులుంటే తీసేయాలి. పెట్టాక రెండు చేతులతో అటూ ఇటూ కాస్త తిప్పితే సరిగ్గా కూర్చుంటుంది. మీట లేవగానే మళ్లీ నొక్కి, లేవకుండా చెంచా అడ్డం పెట్టేవాళ్లూ ఉన్నారు! అది మాత్రం చేయొద్దు.

హోస్ట్: ఇందులో సంగటి చేసుకోవచ్చా? మా అవ్వ అయితే ఆ మాటే ఒప్పుకోదు.

మెకానిక్: అవ్వతో నేను వాదించలేను గానీ, చేసుకోవచ్చు. బియ్యంలో నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడకనివ్వండి. ఇంకా తడి ఉండగానే రాగిపిండి పైన పోసి మూతపెట్టి మగ్గనివ్వండి. ఆ తర్వాత ప్లగ్గు తీసి, గిన్నె బయటపెట్టి, కింద మందపాటి గుడ్డ వేసి కెలకండి. కుక్కర్‌లోనే కట్టె పెట్టి కెలికితే ఆ బలమంతా స్ప్రింగు మీద పడుతుంది. సంగటి ముద్ద వస్తుంది, కుక్కర్ నా దగ్గరికి వస్తుంది.

హోస్ట్: (నవ్వు) షాక్ కొడుతోందని కూడా తెస్తారా?

మెకానిక్: తెస్తారు. సగం ఇళ్లల్లో తప్పు కుక్కర్‌ది ఒక్కదానిదే కాదు, ఎర్తింగ్ ఉండదు. ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్త్. రెండు రంధ్రాల సాకెట్‌లో దూరడం లేదని దాన్ని వంచేసేవాళ్లను చూశా. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత ఎండిపోతే అదీ సరిగా పనిచేయదు, అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, పెట్టించుకుంటే ఇంకా ధైర్యం. కుక్కర్ 700 వాట్లే కాబట్టి మంచి 6 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. కానీ అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కూడా తగిలిస్తే వైరు కాలిపోతుంది.

హోస్ట్: కరెంటు బిల్లు?

మెకానిక్: 700 వాట్లు అరగంట నడిస్తే మూడో వంతు యూనిట్, దానికి టెన్షన్ ఎందుకు! బియ్యం ముందే అరగంట నానబెడితే ఇంకా తొందరగా ఉడుకుతుంది. కొందరు వోల్టేజ్ డల్‌గా ఉందని తెలియక కుక్కర్ పాడైందనుకుంటారు. 230 బదులు 180 వోల్టులే వస్తే 700 వాట్ల కుక్కర్ 430 వాట్ల దగ్గరికి పడిపోతుంది. గంట పట్టినా అది కుక్కర్ తప్పు కాదు.

హోస్ట్: మీట లేచాక అన్నం వేడిగా ఉంచే వార్మ్‌లో, పొద్దున పెట్టింది రాత్రి దాకా ఉంచుతారు కదా?

మెకానిక్: నాకది నచ్చదు. అన్నం ఎండిపోతుంది, కరెంటూ కాలుతుంది. మధ్యలో కరెంటు పోయి గోరువెచ్చగా మిగిలితే మరీ ప్రమాదం. అన్నంలో ఒక రకం బాక్టీరియా ఉంటుంది, దాని విత్తనాల్లాంటి స్పోర్లు ఉడికించినా చావవు, ఆ గోరువెచ్చదనంలో మళ్లీ పెరిగి విషం వదులుతాయి. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలింది వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

హోస్ట్: చివరిగా, రిపేరుకు ఇచ్చేవాళ్లు ఏం అడగాలి?

మెకానిక్: లోపల సన్నటి థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది. వేడి మితిమీరితే అది తెగి కుక్కర్‌ను ఆపేస్తుంది. దాన్ని పీకేసి డైరెక్ట్‌గా వైరు కలిపి ఇచ్చేవాళ్లు ఉన్నారు. కుక్కర్ పనిచేస్తుంది, మళ్లీ వేడెక్కితే ఆపేది మాత్రం ఏదీ ఉండదు. ఫ్యూజ్ మార్చారా, డైరెక్ట్ చేశారా అని అడగండి. ఆ ఫ్యూజ్ ఖరీదు పెద్దదేం కాదు.